ఇంద్రాణి ఆడితే ఎవరికి నష్టం?

పోయిన వారం మిమ్మల్ని నోటీసు బోర్డు ముందు నిలబెట్టి వెళ్లిపోయాను. కోపంలో ఉన్నాను, ఏమీ అనుకోకండి. శనివారం మదనపల్లెలో డివిజన్ ఆటల పోటీలు. టెన్నికాయిట్ డబుల్స్‌కు, అదే రింగాటకు, పుంగనూరు నుంచి మా ఆడపిల్లల బడి జట్టు పోవాలి. జట్టంటే ఇద్దరే, యమున, ఇంద్రాణి. గురువారం సాయంత్రం బోర్డు మీద చూస్తే యమున పేరు ఉంది. ఇంద్రాణి పేరు ఉండాల్సిన చోట తొమ్మిదో తరగతి పిల్ల పేరొకటి ఉంది. ఆ పిల్ల రింగు ముట్టుకోగా నేను ఏనాడూ చూడలేదు. బడికి వ్యాయామం టీచర్ని నేను. నన్ను ఒక్క మాట అడక్కుండా నా జట్టును మార్చేశారు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్లకు కాస్త చెప్పాలి. ఇంద్రాణికి పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నగా ఉండిపోయింది. తొడ నుంచి మడమ దాకా ఇనుప కమ్మీలు, వాటికి తోలు పట్టీలు, కింద బరువైన బూటు. దాన్నే అందరూ ఇనుప బూటు అంటారు. ఆటల పీరియడ్‌లో ఆ పిల్ల పని మిగతావాళ్ల సంచులకూ చెప్పులకూ కాపలా కూర్చోవడం. నేను ఈ బడికి రాకముందు నుంచే అది ఆనవాయితీ. పాపం కాలు బాగలేదు కదా, కూర్చోనీ అన్నట్టు. ఒకరోజు ఎవరో విసిరిన రింగు దారి తప్పి సంచుల మీద పడితే, ఇంద్రాణి కూర్చున్న చోటు నుంచే తిరిగి విసిరింది. రింగు వణకలేదు. ఈ ఆటలో రింగు గాల్లో వణికితే తప్పు కింద లెక్క. వణక్కుండా విసరడం నేర్చుకోవడానికి రెండు కాళ్లూ బాగున్న పిల్లలకే నెలలు పడుతుంది. ఆ రోజుతో చెప్పులకు కాపలా పోయింది. తర్వాత ఒకరిద్దరి చెప్పులు పోయిన మాట కూడా నిజమే. పోనివ్వండి.

యమునను ఆమెకు జోడీగా పెట్టాను. యమునకు కాళ్లలో చురుకుంది, ఒంట్లో నిదానం లేదు. వచ్చిన ప్రతి రింగుకూ తానే పరిగెత్తేది, సగం జారవిడిచేది. పక్కన ఇంద్రాణి నిలబడ్డాక "నాది", "నీది" అని అరవడం నేర్చుకుంది, అరిచాక ఆగడం కూడా నేర్చుకుంది. ఇప్పుడు పరీక్షలో ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాస్తోందని లెక్కల టీచరు వచ్చి నాకు చెప్పి పోయింది. ఇక ఇంద్రాణి సంగతి. ఏడో తరగతి దాకా ఆ పిల్ల బడికొచ్చాక చుక్క నీళ్లు తాగేది కాదు. తాగితే బాత్రూముకు పోవాలి, పోవాలంటే ఎవరినో బతిమాలాలి. ఇప్పుడు ఆట అయ్యాక కుళాయి దగ్గర అందరితో పోట్లాడి మరీ తాగుతుంది. బాత్రూముకు తనే నడిచి పోతుంది. పుంగనూరు మండలం పోటీల్లో ఈ ఇద్దరూ గెలిచిన కప్పు హెడ్మాస్టరు గది బీరువాలోనే ఉంది. ఆ గదిలోకే శుక్రవారం పొద్దున నేను దూసుకుపోయాను.

హెడ్మాస్టరు దేవరాజులు గారు మర్యాదస్తుడు. గొంతు ఎత్తి మాట్లాడడు. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడం కష్టం, తెచ్చుకున్నాక దించుకోవడం ఇంకా కష్టం.

"కూర్చోండి మునీశ్వరీ."

"కూర్చోను సార్. ఇంద్రాణి పేరు ఎవరు తీశారు?"

"నెమ్మదిగా మాట్లాడుకుందాం. మన బళ్లో అయితే సరే, మన పిల్లలు. అది మదనపల్లె. నాలుగు ఊళ్ల నుంచి వస్తారు. ఆ పాప పడితే ఎవరు జవాబు చెప్పాలి?"

"యమున పడితే ఎవరు చెబుతారు?"

"యమున పడితే అది ఆట. ఇంద్రాణి పడితే అది పేపర్లో వస్తుంది."

ఆ మాట అని ఆయన టీ గ్లాసు మీద మూత తీసి ఊదుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల మోకాలు పగులుతుందన్న దిగులు కాదు ఆయనది, తన పేరు పగులుతుందని.

"అయినా డిసెంబరు మూడున వికలాంగుల దినానికి వాళ్లకు వేరే ఆటలు పెడతారు కదమ్మా. వాళ్ల పోటీలు వాళ్లకు ఉన్నాయి," అన్నాడు.

వాళ్లకట. పోయిన ఏడు ఆ ఆటలకు ఇంద్రాణిని తీసుకుపోయింది నేనే. పిల్లల్ని పొద్దున్నుంచి ఎండలో బెంచీల మీద కూర్చోబెట్టారు. ముఖ్య అతిథి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పరుగు పందెం అన్నారు, ఈల వేశారు, పిల్లలు నాలుగడుగులు వేయకముందే చాలు చాలని ఆపి ఫోటో తీశారు. అందరికీ తలా ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా ఇచ్చారు. ఎవరు గెలిచారని ఇంద్రాణి నన్ను అడిగింది. అందరూ గెలిచినట్టే అన్నాడు పక్కనున్న ఆయనెవరో. ఆ డబ్బా ఇంద్రాణి దారిలోనే వేరే పిల్లకు ఇచ్చేసింది.

"ఆ ఆటల సంగతి నాకు తెలుసు సార్. పేరు మళ్లీ రాయండి."

అప్పుడు ఆయన గ్లాసు పక్కన పెట్టి, చాలా దయగా నా వైపు చూశాడు. "తీసెయ్యమన్నది నేను కాదమ్మా. వాళ్ల నాన్న శంకరప్ప. బుధవారం ఇక్కడికే వచ్చి చేతులు జోడించి అడిగాడు. కన్నతండ్రి వద్దంటే మీరూ నేనూ ఎవరం?"

జట్టు మార్పు కాగితం నా చేతిలో పెట్టి, రేపు మదనపల్లెలో ఇచ్చేయమన్నాడు. తీసుకుని బయటికి వచ్చేశాను. ఆ రోజు ఇంద్రాణి బడికి రాలేదు.

సాయంత్రం బడి వదలగానే యమునను వెంటబెట్టుకుని బజారుకు పోయాను. శంకరప్పది తాళ్ల అంగడి. గొడ్లకు పలుపులు, ముకుతాళ్లు, మెడ గంటలు, గోనె సంచులు, టమాట బుట్టలు కట్టే పురికొస, అన్నీ అక్కడే దొరుకుతాయి. అంగడి వెనకే ఇల్లు. మాది గుడుపల్లె దగ్గర గొర్రెలు మేపుకునే ఇల్లు కాబట్టి ఆ తాళ్ల వాసన నాకు పుట్టింటి వాసన. ఇంకో రోజయితే కూర్చుని కబుర్లు చెప్పేదాన్ని.

"రాండి టీచరమ్మా, రాండి. ఏయ్, టీచరమ్మ వచ్చిండాది, కాపీ పెట్టు," అని శంకరప్ప లోపలికి కేకేసి, గోనె సంచి దులిపి పరిచాడు. ఆయన భార్య గోవిందమ్మ లోపలి గడపలో కనబడింది. నన్ను చూసి నవ్వలేదు, కాఫీ పెట్టడానికీ పోలేదు. అక్కడే నిలబడింది.

"ఇంద్రాణి ఈ పొద్దు బడికి యాల రాలేదు?" అని అడిగాను. కోపం వస్తే నా నోట్లోంచి మా ఊరే వస్తుంది.

"ఒళ్లు రోంత బాగలేదు టీచరమ్మా. జొరం మాదిరి..."

"నా ఒళ్లు బాగనే ఉండాది." లోపలి నుంచి ఇంద్రాణి గొంతు. తల్లిని పక్కకు జరిపి బయటికి వచ్చింది. ఎడమ చెయ్యి తొడ మీద అదిమిపెట్టి, ఒంగి, ఆ చేతి బలంతో కాలును నిలబెట్టి ఒక్కో అడుగే వేస్తూ వచ్చింది. కాలికి బూటు లేదు.

"బూటు ఏదీ?"

శంకరప్ప పలుపులు సర్దడం మొదలుపెట్టాడు.

"కుప్పంలో ఉండాది మేడం," అంది ఇంద్రాణి. "మా అత్త ఇంట్లో. నేను నిద్ర లేసేలోగా మొదటి బస్సుకు మా నాయన అంపించేసినాడు."

నేను మీతో ఒక మాట చెప్పాలి. ఆ బూటు కోసం శంకరప్ప బెంగుళూరుకు ఎన్నిసార్లు తిరిగాడో, కొలతలు తప్పాయని తిప్పి పంపితే మళ్లీ ఎట్లా పోయాడో, కొత్త బూటు వేసుకుని కూతురు అంగడి గడప దిగిన రోజున బజారంతా బెల్లం ఎట్లా పంచాడో ఈ కథ మొదటి వారాల్లో చదివినవాళ్లకు తెలుసు. ఆ మనిషే ఇప్పుడు కూతురి బూటును మూటగట్టి వేరే ఊరికి పంపాడు. కుప్పం పోయి రావాలంటే పలమనేరులో బస్సు మారాలి. ఇప్పుడు బయల్దేరినా రేపు ఆట మొదలయ్యేలోగా తిరిగి రాలేము. అది తెలిసే పంపాడు.

"ఏం మనిసివప్పా నువ్వు?" అన్నాను. పెద్దాయనతో మాట్లాడుతున్నానన్న జ్ఞానం కూడా పోయింది నాకు.

శంకరప్ప తలెత్తాడు. ఆయనకూ కోపం ఉంది, ఇన్నాళ్లూ అణుచుకున్నాడంతే.

"సెప్తా, ఇనండి. సోమవారం డాక్టర్ల క్యాంపు ఉండాది. పాప వికలాంగుల సర్టిఫికెట్ గడువు అయిపాయ. మళ్లా రాయించుకోవాల. ఆ సర్టిఫికెట్ ఉంటే, పద్దెనిమిది నిండినాక ఎస్టీడీ బూతు ఇస్తారు. కూసున్న తావనే సంపాదన. ఎవురి కాళ్లూ పట్టుకోబన్లేదు. నేనుండే దాకా సూసుకుంటా. నేను పోతే? అది సెప్పండి టీచరమ్మా, నేను పోతే దానికి మీ రింగు కూడు పెడతాదా?"

"ఆటకూ సర్టిఫికెట్‌కూ ఏం సంబంధం?"

"లేదా? ఆడ ఆడతాది, గెలుస్తాది. ఫోటో తీస్తారు, పేపర్లో వేస్తారు. సోమవారం డాక్టర్లు సూస్తారు. ఏమప్పా, నీ కూతురు ఎగిరెగిరి ఆడతాండాదే, దీనికి సర్టిఫికెట్ యాల అంటారు. గుర్రంకొండ కాడ ఒకాయనకి అట్లనే అయిందంట. ఎద్దలబండి తోలుతా ఉంటే ఎవురో సూసి అర్జీ పెట్టినారంట. వచ్చే పింఛను నిలిచిపాయ."

"ఎవురు సెప్పినారు నీకీ కత?"

"ఎవురో యాల సెప్తారు? మీ హెడ్మాస్టరు సారే సెప్పినాడు."

యమున నా వైపు చూసింది. నేను శంకరప్పనే చూస్తున్నాను.

"సారు దినామూ మన అంగడి ముందరనే కదా పోతాడు. మొన్న సోమవారం ఆగి, పక్కకు పిలిచి సెప్పినాడు. నీ బిడ్డి మంచికే సెప్తాండా శంకరప్పా, పేరు తీసెయ్యమని నువ్వే వచ్చి అడుగు, నేను సెప్పినట్ల తెలీనియ్యొద్దు, మునీశ్వరి టీచరు కోపిష్టి మనిసి అన్నాడు." అంటూనే శంకరప్ప ఆగిపోయాడు. చెప్పకూడనిది చెప్పేశానని అప్పుడు తెలిసినట్టుంది.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ నిమిషాన తెలిసింది. కన్నతండ్రి వద్దంటే మనమెవరమని పొద్దున నాతో అంత దయగా అన్న మనిషి, ఆ కన్నతండ్రికి భయం నూరిపోసిందీ తనే. పిల్లను ఆపింది తండ్రి, తండ్రిని పంపింది తను, తన చేతులకు మాత్రం మట్టి అంటలేదు. ఎంత శుభ్రమైన మనిషి!

"శంకరప్పా, డాక్టర్లు కొలిచేది కాలు. చెయ్యి కాదు. రింగు విసిరితే కాలు లావు కాదు కదా. ఆడినా అది పోలియో కాలే, ఆడకున్నా పోలియో కాలే. నీ బిడ్డి ఆడిందని ఆ కాలు అబద్ధం అయిపోతాదా?"

"అది మీకు తెలుసు, నాకూ తెలుసు టీచరమ్మా. ఆ కుర్సీలో కూసున్నోళ్లకు తెలియాల కదా."

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు జాలి పడటం వచ్చు. ఆడే పిల్లను చూసి జాలి పడటం రాదు. వాళ్ల దగ్గర సాయం అందాలంటే చేతకానట్టు కనబడాలి. శంకరప్ప భయం పిచ్చిదే కావచ్చు, గాల్లోంచి మాత్రం పుట్టలేదు. నాకు అందుకే ఇంకా కోపం వచ్చింది. తిడదామంటే సరిగ్గా తిట్టడానికి ఎదురుగా మనిషి లేడు, ఈ తాళ్లమ్ముకునే ఆయన తప్ప.

"సరే. సోమవారం క్యాంపుకు బూటు లేకుండా ఎట్ల తీసకపోతావు?"

"ఎత్తుకొని పోతా."

"పద్నాలుగేండ్ల పిల్లని?"

"నా బిడ్డిని నేను మోస్తా. మీకేం? ఎత్తుకొని పోతే సూసినోళ్లకు కాలు ఎంత అద్దువానంగా ఉండాదో తెలుస్తాది. దానికీ నేర్పించిండా. అడిగితే మాట్లాడద్దు, తల దించుకోని ఉండమని."

గడపలో గోవిందమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంద్రాణి గోడకు చెయ్యి ఆనించి నిలబడే ఉంది. నేను దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాను. "నువ్వు ఏడవొద్దు. ఏదో ఒకటి నేను చూస్తాలే."

"నేను ఏడస్తాండానా మేడం?"

చూశాను. ఏడవడం లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పళ్లు బిగించి ఉంది. నా చెయ్యి భుజం మీద నుంచి తీసేసింది.

"అందరూ నన్నే సూస్తారు, నన్నే సూసుకుంటామంటారు. మా నాయన సూసుకుంటాడు. సారు సూసుకుంటాడు. మీరూ అంతే మేడం. ఆ మూలన నిలబడు ఇంద్రాణీ, పరిగెత్తొద్దు ఇంద్రాణీ, పడతావు ఇంద్రాణీ. యమున ఒకతే నన్ను తిడతాది. నీ రింగు నువ్వు యాల ఇడిసిపెడితివే, కండ్లు యాడ పెట్టుకోనుండావు అని అందరి ముందరా తిడతాది. నాకు అదే ఇష్టం."

యమున తల గోక్కుంది. "అది నిజంగానే ఇడిసిపెట్టింది మేడం. పట్టుకోగలిగిండే రింగు అది."

నాకు చెంప మీద కొట్టినట్టయింది, కానీ ఆ దెబ్బ నాకు కావలసిందే. ఆ పిల్లను ఆటలో పెట్టానని నాలో నేను మురిసిపోతూ, కోర్టులో ఒక మూల అంగుళం కదలకుండా నిలబెట్టింది నేనే.

"బూటు లేకపోతే ఎట్ల ఆడతావు?" అన్నాను, ఈసారి టీచరు అడిగినట్టు.

జవాబు యమున చెప్పింది. "ఆదివారం ఆదివారం ఈళ్లింటెనక సందులో ఆడతాము కదా మేడం. బూటు తోలు తెగి రిపేరికి ఇచ్చినప్పుడు అట్లే ఆడినాము. ఎడం చెయ్యి తొడ మింద, కుడి చెయ్యి రింగుకు. ఎనక్కి పోయేది నేను సూసుకుంటా, ముందరొచ్చేది అది సూసుకుంటాది."

ఈ సంగతి నాకు తెలియదు. శంకరప్పకూ తెలియదు, ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది. తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒకరున్నారు. గోవిందమ్మ నేల చూపులు చూస్తోంది.

"వొద్దు తల్లీ," అన్నాడు శంకరప్ప. గొంతు తగ్గింది. "నీ మంచికే సెప్తాండా."

"నా మంచి నాకు సెప్పి సెయ్యి నాయనా, ఒకసారన్నా. బూటు నాది. అడిగితివా? పేరు నాది. అడిగితివా?" ఇంద్రాణి గోడ వదిలింది. తొడ మీద చెయ్యి అదిమి, తండ్రి ముందుకు వచ్చి నిలబడింది. "సోమవారం మోస్తానంటివే, మొయ్యి. రేపే మొయ్యి. మదనపల్లె బస్టాండు కాడ నుంచి గ్రౌండు దాకా మొయ్యి. ఇంత పొడుగు బిడ్డిని ఎత్తుకోని పోతాంటే జనాలు ఎట్ల సూస్తారో నువ్వూ సూడు. సూసి, ఆడ గీత కాడ నన్ను దించు. దించినాక నీ పని అయిపోయినట్లే. నేను ఆడుకుంటా."

"పేపర్లో ఏస్తే?"

"ఏస్తే ఏయనీ. సోమవారం నేనే సెప్తా డాక్టర్లకు. నా కాలు ఇది, నా ఆట ఇది, రాసుకోండి అని సెప్తా. తల మటుకు దించుకోను."

ఎవరో రైతు వచ్చి ఒక జత పలుపులు కావాలన్నాడు. శంకరప్ప లేవలేదు. గోవిందమ్మ గడప దిగి వచ్చి, పలుపులు తీసి రైతుకిచ్చి పంపింది. అప్పుడు మొగుడి వైపు తిరిగి, నేను వచ్చినప్పటి నుంచి మొదటిసారి నోరు విప్పింది.

"రేపు అంగడి నేను సూసుకుంటా. నువ్వు పోయి రా."

ఆమె అన్నది అంతే. కాఫీ ఆ రోజు ఎవరూ తాగలేదు.

శనివారం పొద్దున బస్టాండులో నేనూ యమునా ముందే పోయి నిలబడ్డాం. శంకరప్ప వస్తాడన్న నమ్మకం నాకు లేదు. బస్సు కదలబోతుండగా వచ్చాడు, కూతుర్ని రెండు చేతుల మీద ఎత్తుకుని. మెట్టు ఎక్కడానికి కండక్టరు చెయ్యి ఇవ్వబోతే వద్దన్నాడు. దారి పొడవునా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఇంద్రాణీ యమునా మాత్రం సర్వీసు ఎవరు ముందు చేయాలని గుసగుసగా పోట్లాడుకున్నారు.

మదనపల్లెలో దిగాక అసలు నడక మొదలైంది. ఆ వేళకు టమాట లారీలు, ఆటోలు, కాలేజీ పిల్లలు, రోడ్డంతా జనం. ఎత్తుకుని పోతుంటే ఇంద్రాణి కాళ్లు ఆయన మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. జనం తిరిగి చూశారు. తిరిగి చూసి ఆగారు, ఆగి నోళ్లు చప్పరించారు. టీ అంగడి దగ్గర ఒకాయన, "ఏమప్పా, ఆస్పత్రికా? ఆ పక్క సందులో పో, దెగ్గర," అన్నాడు.

"ఆస్పత్రికి కాదు, ఆటకు," అంది ఇంద్రాణి, తండ్రి భుజం మీద నుంచి.

ఆయన నవ్వాడు. పిల్ల తమాషాకు అందనుకున్నాడు. ఇంకొంచెం ముందుకు పోతే బండి మీద అరటిపళ్లు అమ్ముకునే అవ్వ ఒకతె, అయ్యో తల్లీ అని ఒక పండు తెచ్చి చేతిలో పెట్టబోయింది. ఇంద్రాణి తీసుకుంది. "ఆడినాక తింటా అవ్వా," అంది. శంకరప్ప మెడ మీద చెమట ధార కట్టింది. చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది. కూతురి బరువుకు పట్టిన చెమట కాదది. తన బిడ్డను ఊరు ఎట్లా చూస్తుందో, సోమవారం తను చూపించాలనుకున్నది ఏమిటో, ఆ రోడ్డు మీద ఆయనకు అడుగడుగునా తెలుస్తోంది. నేను జాలి పడలేదు. తెలియనీ అనుకున్నాను.

గ్రౌండులో షామియానా వేశారు. మైకులో జట్ల పేర్లు పిలుస్తున్నారు. టెన్నికాయిట్ కోర్టు పక్కన సున్నం గీత దాటి అవతలి జట్టు పిల్లలు అప్పటికే వార్మప్ చేస్తున్నారు. హెడ్మాస్టరు ఇచ్చిన మార్పు కాగితం నా సంచిలోనే ఉంది. దాన్ని బయటికి తీయలేదు, ఆ తొమ్మిదో తరగతి పిల్లను రమ్మనీ చెప్పలేదు. అంపైరు దగ్గర ఉన్నది నేను ముందే పంపిన జట్టు, యమున, ఇంద్రాణి. సోమవారం నాకు మెమో ఇస్తే ఇవ్వనీ. నాకూ సోమవారం ఒకటి ఉంటుందన్నమాట.

గీత ఇంకా పది అడుగులుందనగా శంకరప్ప ఆగిపోయాడు.

షామియానా కింద నుంచి లేచి దేవరాజులు గారు వస్తున్నారు. తెల్లటి చొక్కా, మెత్తటి నడక. ఆయన పక్కనే మెడలో కెమెరా వేసుకున్న పేపరు విలేకరి. కూతుర్ని మోసుకొచ్చిన తండ్రి ఆ విలేకరి కళ్లకు పండగలా కనబడ్డాడు. "అట్లే ఉండన్నా, అట్లే ఉండు, కదలొద్దు," అంటూ కెమెరా ఎత్తాడు.

శంకరప్ప గిరుక్కున పక్కకు తిరిగాడు. ఇంద్రాణి ముఖాన్ని తన భుజానికేసి అదుముకున్నాడు.

"శంకరప్పా," అన్నారు హెడ్మాస్టరు గారు మెల్లగా, నన్ను చూడనట్టే. "నీకు అంత చెప్పినా... పిల్ల జీవితం నీ చేతుల్లో ఉంది. ఇప్పటికైనా మించిపోయింది లేదు. వెనక్కి తీసుకుపో."

నేను నోరు తెరవబోయాను. యమున నా చెయ్యి పట్టుకుని ఆపింది.

మైకులో పిలిచారు. "పుంగనూరు. యమున, ఇంద్రాణి. కోర్టులోకి రావాలి."

యమున రింగు తీసుకుని గీత దాటి లోపలికి పోయింది. పోయి, జోడీకి సగం కోర్టు వదిలి, తన సగంలో నిలబడింది.

"దించు నాయనా," అంది ఇంద్రాణి.

శంకరప్ప దించలేదు. కెమెరా వైపు చూశాడు, హెడ్మాస్టరు వైపు చూశాడు. కూతుర్ని పట్టుకున్న చేతులు ఇంకా బిగుసుకున్నాయి. ఆయన కాలు ఒకటి వెనక్కి పడింది.

"ఆఖరుసారి పిలుస్తున్నాం. పుంగనూరు జట్టులో రెండో అమ్మాయి ఇప్పుడు రాకపోతే అవతలి జట్టు గెలిచినట్టు."

ఇంద్రాణి తండ్రి మెడ చుట్టూ వేసిన రెండు చేతులూ తీసేసింది. ఇప్పుడు ఆమెను పట్టుకుని ఉన్నది ఆయన ఒక్కడే.

"నువ్వు దించకపోతే నేనే దూకతా నాయనా," అంది, అందరికీ వినపడేట్టు.